టీచరు గారు ట్రే ఎంచుకునే తీరు

మా కొట్లో ట్రేలు అమ్ముడుపోవడం ఏమీ తగ్గలేదు. వాటికి వంకలు పెట్టేవాళ్ళే లేకుండా పోయారు. మొన్న విజయవాడ నుంచి లోడు దిగినప్పుడు తెల్ల ప్లాస్టిక్ ట్రేల కట్ట విప్పి, పైదాన్ని తీసి, నా మంచినీళ్ళ సీసాలోంచి కాసిని నీళ్ళు దాంట్లో ఒంపి, ఒక అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాను. ఎందుకు ఊపుతున్నానో ఊపుతున్నంతసేపూ నాకే తెలియలేదు. లోడు దించుతున్న మనిషి ఆగిపోయి, "ఏంటక్కా, దాంట్లో చేపల్ని పెంచుతావా?" అన్నాడు.

"అడుగు చూస్తన్నా" అన్నాను.

"ట్రేకి అడుగేంటక్కా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన మనిషి ఈ వానాకాలంలో పోయారు. ఆవిడే ఉంటే ఆ అబ్బాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, నా ఖర్చుతో టీ తెప్పించి, ట్రేకి అడుగంటే ఏమిటో పూర్తిగా చెప్పి గానీ వదిలేవారు కాదు. అతని లోడు బండి సాయంత్రం దాకా మా కొట్టు ముందే ఉండేది.

పొదిలిలో బస్టాండు దాటి కూరగాయల మార్కెట్టుకి పోయే దారిలో మాది స్టీలు, ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. సరుకు తేవడానికి మా ఆయన తిరుగుతుంటాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేను. గడప ఎక్కిన మనిషి కొనేరకమో, ధర కనుక్కుని పోయేరకమో మొహం చూసి చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక్క టీచరు గారి దగ్గరే పనిచెయ్యలేదు. ఆవిడ మిషన్ బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పొడగరి. నడిచొస్తుంటే చెప్పుల చప్పుడు ముందొచ్చేది. ఎప్పుడు చూసినా కాఫీపొడి రంగు చీరే. వేరే రంగే లేదా అండీ అని ఒకసారి అడిగితే, "నా పనికి ఎట్టాగూ ఈ రంగు మరకే పడిద్ది. అదేదో ముందే చీరంతా వేయించుకున్నా" అన్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు ట్రేలున్నాయా అని అడిగారు. నేను మంచి స్టీలు పళ్ళెం ఒకటి తీసి, వేలితో కొట్టి మోగించి, "ఇదైతే మీ మనవళ్ళ కాలం దాకా ఉంటుందండీ" అన్నాను.

"మనవళ్ళ సంగతి తర్వాత. నేను పోసే మందుకి ఇది వచ్చే ఆదివారం దాకా ఆగదు" అన్నారు.

స్టీలుని పట్టుకుని అంత మాటంటే నాకు రోషం వచ్చింది. ఏం మందండీ అది అన్నాను. రాగిని తినే మందు అన్నారు. ఇది రాగి కాదు కదండీ, స్టీలు కదా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సొట్టపడ్డ స్టీలు మూత ఏదైనా ఉంటే తీసిపెట్టు. మళ్ళీ మార్కెట్టుకొచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయారు.

చెప్పినట్టే వచ్చారు. చిన్న గాజుసీసాలో చింతపండు పులుసు రంగు నీళ్ళు తెచ్చారు. మూత మీద కాసిని చుక్కలు వేసి, ముట్టుకోవద్దని నాకు వేలు చూపించి, కూరగాయలకి పోయారు. తిరిగొచ్చి నీళ్ళు పోసి కడిగి తుడిస్తే, అద్దంలాంటి మూత మీద చుక్క పడ్డచోటల్లా నల్లమచ్చ, తడిమితే గరుగ్గా ఉంది. "అల్యూమినియం అయితే ఇంకా తొందర. బుసబుసా పొంగి అడుగుకి చిల్లుపడిద్ది" అన్నారు, ఎవరిదో పెళ్ళి కబురు చెప్పినంత సంతోషంగా. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆవిడ మాత్రం దాన్ని స్నేహమని ఒప్పుకునేవారు కాదు, "సామాన్ల పని మీద వస్తన్నా" అనేవారు.

ఆ పనేమిటో నాకు అర్థం కావడానికి కొన్ని రాకపోకలు పట్టింది. ఆవిడ ఇంట్లో కరెంటు పలకలు తయారుచేసేవారు. రేడియోలోనో టీవీలోనో మూత తీస్తే ఆకుపచ్చ పలక మీద గీతలు కనిపిస్తాయి చూడండి, అలాంటివి. రాగిరేకు అంటించిన పలక కొనుక్కొచ్చి, గిన్నెలు తోమే పీచుతో రుద్ది, కావలసిన గీతలు చెరగని పెన్నుతో దాని మీద గీసి, ట్రేలో పెట్టి ఆ పులుసు మందు పోస్తారు. సిరా ఉన్నచోట రాగి మిగులుతుంది, లేనిచోట కరిగిపోతుంది. కరుగుతున్నంతసేపూ ట్రేని ఊపుతూనే ఉండాలి. ఆపితే ఒకచోట తింటుంది, ఒకచోట తినదు. గీతల మధ్య రాగి తెట్టులాగా ఉండిపోతే ఆ పలక ఇక పారేసుకోవడమే.

అందుకే ఆవిడ ట్రే ఎంచుకుంటుంటే చూడాలి. సొంత సీసాలో నీళ్ళు తెచ్చుకునేవారు, నా నీళ్ళ మీద నమ్మకం లేనట్టు. ట్రేని గల్లాపెట్టె పక్కన బల్ల మీద పెట్టి, అడుగు తడిసేంతవరకే నీళ్ళు పోసి, నడుం వంచి కన్ను అంచుకి ఆనించేవారు. తర్వాత రెండు వేళ్ళతో ఊపేవారు. నీళ్ళు ఈ మూల నుంచి ఆ మూలకి ఒక్క తీరుగా పోయి రావాలి. మధ్యలో ఎక్కడన్నా తడబడితే, "ఊహూఁ, ఇక్కడ గూని ఉంది" అని పక్కకి తోసేవారు. ఎర్ర ట్రే చూపిస్తే, "ఎర్రదాంట్లో ఎర్ర రాగి కరిగిందో లేదో నాకెట్టా కనపడిద్ది? తెల్లది చూపించు" అనేవారు. లోతుది చూపిస్తే, "నా పలక ఈతకొట్టడానికి కాదమ్మా" అనేవారు. మందు తిరిగి సీసాలో ఒంపుకోవడానికి ఒక మూల మూతిలాగా ఉండాలి. ఇన్నీ కుదిరింది దొరికినా తీసుకుని వాసన చూసి, నాసిరకం ప్లాస్టిక్ అయితే అక్కడే పెట్టేసేవారు.

ఒకసారి అడుగున గులాబీ పువ్వు ఉబ్బెత్తుగా తేలి ఉన్న ట్రేలు కొత్తగా తెప్పించాను. నాకు ముద్దొచ్చాయి. ఆవిడ వాటిని చూసి, "అడుగున ఈ పువ్వెవరికి?" అన్నారు.

"అందానికండీ."

"దీని మీద నా పలక కూర్చుంటే ఒక పక్కకి వాలిద్ది. వాలిన పక్క మందు ఎక్కువ తినిద్ది. నీ అందానికి నా గీతలు తెగాలా?"

"అందరూ పలకలు కరిగించరు టీచరు గారూ, కొందరు బజ్జీలు పెట్టుకుంటారు" అన్నాను.

"బజ్జీలకైనా నూనె పువ్వు చుట్టూ నిలబడిద్ది, కడగలేక చస్తారు" అన్నారు. పక్కన ఆ ట్రేలే బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ మాటతో వాటిని కింద పెట్టేశారు. అంతటితో ఆగలేదు. కొన్నాళ్ళకి మా కొట్టుకొచ్చే జనమంతా ట్రేలని బల్ల మీద పెట్టి ఊపడం మొదలెట్టారు. ఎందుకు ఊపుతున్నారో వాళ్ళకీ తెలియదు. తొందరపెడితే టీచరు గారి మాటే నాకు అప్పజెప్పేవారు: "తొందరైతే బకెట్టు కొనుక్కోవాలి, ట్రే కొనకూడదు."

ఆవిడకి ఇంకో నియమం ఉండేది. ఒకసారి మందు పోసిన ట్రే మీద ఎర్ర గోళ్ళరంగుతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టేవారు. అది ఇక వంటింటి గడప దాటకూడదు. ఆ నియమం ఎలా వచ్చిందంటే, ఒకసారి వాళ్ళింట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు, సాయం చెయ్యబోయిన ఒకావిడ వరండాలో ఆరబెట్టిన ట్రే తీసుకొచ్చి, దాని నిండా బూందీ పోసి అందరికీ పంచబోయింది. టీచరు గారు ఒక్క ఉదుటున లేచి ట్రేని లాక్కుని బూందీ మొత్తం దొడ్లో గొయ్యి తీసి పాతిపెట్టారట. "దేవుడు కాపాడతాడు టీచరు గారూ, కడిగి ఆరబెట్టిందే కదా" అని ఎవరో అన్నారట. "కాపాడబట్టే నేను ముందు చూశాను" అని ఈవిడ అన్నారట. ఆ బూందీ చేసిచ్చింది మా తోడికోడలు. ఈ రోజుకీ ఆ మాట ఎత్తితే మూతి ముడుచుకుంటుంది.

అంత కష్టపడి చేసే పలకలు దేనికంటే, ఎక్కువగా వాన గంటలకి. మా వైపు మిరపకాయ కోసి కళ్ళంలో ఆరబోస్తారు. ఆరేదాకా రైతుకి కంటి మీద కునుకుండదు. రాత్రుళ్ళు అక్కడే పడుకుంటారు కాబట్టి రాత్రి వానకి అంత భయం లేదు, పట్టా లాగేస్తారు. పగలే చిక్కు. కళ్ళం ఒకచోట, చేను ఒకచోట. చేలో వంగి కాయ కోస్తుంటే కళ్ళం మీద మబ్బు దిగింది కూడా తెలియదు. రోడ్డుకి ఇటు ఎండ, అటు జల్లు. ఎండిన కాయ ఒకసారి తడిసిందంటే రంగు పోయి తాలుకాయ అవుతుంది. అందుకని టీచరు గారు పెద్ద పలక మీద రెండు దువ్వెనలు గీసేవారు, ఒకదాని పళ్ళ మధ్యలోకి ఇంకోదాని పళ్ళు దూరి, ఎక్కడా తగలకుండా. వాన చినుకు ఆ సందులో పడితే రెండూ కలుస్తాయి, కలిస్తే పాత బండి హారను మోగుతుంది. గంటని పేరే గానీ అది లారీ అరుపు. అది మోగితే చేలో ఉన్నవాళ్ళు పరిగెత్తుకొస్తారు.

నిరుడు ఒక గంట సుబ్బులుకి ఇచ్చారు. సుబ్బులు మార్కాపురం రోడ్డు పక్క కౌలుకి మిరప వేసే మనిషి, మొగుడు లేడు, ఒంటిచేతి సేద్యం. నా దగ్గర తొట్లూ బిందెలూ కొనేది కాబట్టి నాకూ తెలుసు. కాయ ఆరబోసి, గంట పెట్టుకుని, ధైర్యంగా చేలోకి పోయింది. మిట్టమధ్యాహ్నం కళ్ళం మీద వాన పడింది. గంట మోగలేదు. సుబ్బులు వచ్చేసరికి కాయంతా నీళ్ళలో నానుతోంది.

కబురు తెలిసి టీచరు గారు నన్ను వెంటబెట్టుకుని పోయారు. పలక ఎక్కడ అని అడిగితే సుబ్బులు కళ్ళం మూలకి తీసుకెళ్ళింది. అక్కడ నా కొట్లో కొన్న నీలం ప్లాస్టిక్ తొట్టి బోర్లించి ఉంది. దాన్ని ఎత్తితే కింద పలక, పొట్టు కూడా అంటకుండా, పొడిగా ఉంది.

"దీని మీద తొట్టెందుకు పెట్టావమ్మా?" అన్నారు టీచరు గారు.

"తడిస్తే కాలిపోద్దని" అంది సుబ్బులు. "కరెంటు వస్తువు ఏది కొన్నా నీళ్ళు తగలనియ్యొద్దనే గదండీ చెప్తారు? ఫోనుకైనా, స్టార్టరుకైనా? మీరూ తడవాలని చెప్పలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. టీచరు గారికి మాత్రం నవ్వు రాలేదు. ఆ తొట్టి చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. "నిజమే. అన్నీ చెప్పి అదొక్కటే చెప్పలేదు" అన్నారు. "వచ్చే ఏడు నీ కళ్ళం తడవదు. ఆ పూచీ నాది" అని మాటిచ్చారు. ఆవిడ అంతకుముందు ఎవరికీ మాటివ్వడం నేను చూడలేదు. చేస్తాననేవారు, చేసేవారు, అంతే.

ఈ ఏడు పంట కోతకి వచ్చే ముందు ఆవిడ మా కొట్టుకి వచ్చి, కట్టలో పైనున్న ట్రే తీసి సంచిలో పెట్టుకున్నారు. సీసా తియ్యలేదు. నీళ్ళు పొయ్యలేదు. వాసన చూడలేదు. అది పువ్వు ట్రే. కుడిచెయ్యి సంచిలోంచి బయటికి రాలేదు, అన్నీ ఎడంచేత్తోనే. వస్తానమ్మాయ్ అని వెళ్ళిపోయారు. తగువు పెట్టకుండా సరుకు కొన్నారంటే ఆవిడకి ఏదో అయిందన్నమాట. కొట్టు మా ఆయనకి అప్పజెప్పి, ఒక తెల్ల ట్రే తీసుకుని వాళ్ళింటికి పోయాను.

వరండాలో బల్ల నిండా పలకలు. దేని మీద చూసినా గీతలు ఒకదాని మీదికొకటి పడిపోయి ఉన్నాయి. ఆవిడ పెన్ను పట్టుకుని కూర్చున్నారు. పెన్నూ, చెయ్యీ, చేతికున్న గడియారం, అన్నీ వణుకుతున్నాయి.

"ఎందుకొచ్చావ్?"

"పువ్వు ట్రే తీసుకొచ్చేశారు. మార్చిద్దామని" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఒంగోల్లో చూపించుకున్నా. తగ్గేది కాదంట. మెల్లగా పెరిగేదంట" అన్నారు.

"మందులు వాడితే..."

"వాడతన్నా. అన్నం కలుపుకోడానికి పనికొస్తన్నయి. గీతకి రావట్లా."

ఫోన్లో బుక్ చేస్తే ఇలాంటి పలకలు వస్తాయట కదండీ అన్నాను. సొరుగు లాగి ఒకటి తీసి నా మీదికి విసిరారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, గీతలు వెంట్రుకల్లా ఉన్నాయి. "తెప్పించకుండా ఉంటానా? ఇది తెల్లారి మంచుకే అరిచిద్ది. రోజూ అరిస్తే సుబ్బులు తీగ పీకేసిద్ది. అప్పుడు నిజం వానొచ్చినా మోగదు. సందు ఎడంగా ఉండాలి, పలక పెద్దదవ్వాలి, ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు మంచు జారిపోద్ది, చినుకు నిలిచిద్ది. నాలుగు రోజులుంటే కాయ కళ్ళంలోకి దిగిద్ది. సుబ్బులుకి రెండో ఏడు కూడా పోతే కౌలు వదిలేసుకుని కూలికి పోవాల్సిందే. నేను మాటిచ్చా."

ఆవిడ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. బల్ల మీద పలకలు సర్దుతున్నాను. ఆవిడ నా చేతుల వంకే చూస్తూ, "నువ్వు రోజూ పొద్దున్నే కొట్టు ముందు ముగ్గేస్తావు గదా" అన్నారు.

"వేస్తానండీ."

"చూశా. ఎంత మెలికల ముగ్గైనా గీతకి గీత తగలనియ్యవు. కూర్చో."

"అది పిండితో అండీ" అన్నాను. పదో తరగతి తర్వాత పెన్ను పట్టింది సంతకాలకే.

"నిన్ను పరీక్ష రాయమన్లా. ముగ్గెయ్యమన్నా."

బల్ల దగ్గర కూర్చుని గీస్తే మొదటిది చేతి గాజు తగిలి అలుక్కుపోయింది. రెండోది వంకర తిరిగింది. ఆవిడ పళ్ళు నూరారు. కూర్చుని ముగ్గెయ్యడం నాకెప్పుడూ అలవాటు లేదు. చివరికి పలకని గచ్చు మీద పెట్టి, చీర దోపి, వాకిట్లో వంగినట్టే నడుం వంచి గీశాను. చెయ్యి దానంతటదే పోయింది. రెండు దువ్వెనలూ పళ్ళూ పళ్ళూ దూర్చుకుని, ఎక్కడా తగలకుండా వచ్చాయి. టీచరు గారు కళ్ళజోడు సర్దుకుని, పలక ఎత్తి వెలుతురుకి పట్టి, మూల నుంచి మూలకి చూశారు. వంక పెట్టలేదు. ఆవిడ వంక పెట్టకపోతే నాకు ఏదో వెలితిగా అనిపించింది.

తెల్ల ట్రేలో పలక పెట్టి మందు పోశారు. నేను ఊపబోతే చెయ్యి తీసెయ్యమన్నారు. ట్రే మూతి దగ్గర కుడిచేత్తో పట్టుకుని ఊరికే కూర్చున్నారు. ట్రే దానంతటదే ఊగుతోంది. మందు ఈ అంచు నుంచి ఆ అంచుకి సన్నని అలలుగా పోయి వస్తోంది. "ఇన్నాళ్ళూ ఊపలేక భుజం లాగేసేది. ఇప్పుడు పట్టుకుంటే చాలు" అని ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవాలనుంటే అటు పోయి ఏడువు. కన్నీళ్ళు పడితే మందు పలచబడిద్ది" అన్నారు. రాగి కరిగి పలక తేటపడేదాకా చెయ్యి తియ్యలేదు. కడిగి తుడిచాక నాతో ఒక మాట అన్నారు. "చెయ్యి సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనక్కర్లా. జాలిపడేవాళ్ళు ఇంటికొచ్చి కూర్చుంటే నాకు పని సాగదు. గీతలెవరివని ఎవరన్నా అడిగితే, గంట మోగిందా లేదా అని అడుగు." అలాగేనండీ అన్నాను. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆ పూట తెలిసింది. ఆ మాట ఆవిడతో అనలేదు, అంటే ఏదో ఒకటి అని నోరు మూయించేవారు.

గంట సుబ్బులు కళ్ళంలో వెదురు గుంజకి కట్టించారు, ఏటవాలుగా, ఆకాశం కేసి. శివరాత్రి దాటాక ఒక మధ్యాహ్నం, అది ఎలా ఉందో చూసి రావాలని నా స్కూటీ ఎక్కారు. ముందు చేను దగ్గర ఆగాం. సుబ్బులూ కూలివాళ్ళూ వరసగా వంగి కాయ కోస్తున్నారు. నెత్తి మాడే ఎండ.

"తొట్టి పెట్టలేదుగా?" అని గట్టు మీంచి కేకేశారు టీచరు గారు.

"మళ్ళీ అదే మాటా? నీడ కూడా పడనియ్యట్లేదండీ దాని మీద" అంది సుబ్బులు, నడుం ఎత్తకుండానే.

పొద్దున మంచుకి మోగిందా అని అడిగారు. మోగలేదంది. పక్షి వాలితే మోగిందా అంటే, కాకి రెట్టేస్తే ఒకసారి కుయ్యిమని ఊరుకుందంది. కూలివాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే రోడ్డుకి అవతల్నించి హారను మొదలైంది. ఆగకుండా ఒకే మోత. మా మీద ఎండ అలాగే ఉంది. రోడ్డు మీద లారీ అనుకున్నాను నేను. టీచరు గారు అప్పటికే స్కూటీ మీద కూర్చుని, నా వీపు మీద కొట్టి, "మనదే, పద" అన్నారు.

సుబ్బులు ఒడిలో కాయ అలాగే పారబోసి చేలకడ్డంగా పరిగెత్తింది, వెనకాల కూలివాళ్ళు. మేం రోడ్డు చుట్టి వచ్చేసరికి కళ్ళం మీద నల్లటి మబ్బు, అప్పుడప్పుడే చినుకులు. కాయ మీద చినుకు పడితే లేచే ఘాటుకి అందరికీ ఒకటే దగ్గు. దగ్గుతూనే పట్టాలు లాగారు. పక్క కళ్ళాల వాళ్ళు కూడా ఆ మోతకి లేచొచ్చి తమ కాయ కప్పుకున్నారు. ఆఖరి పట్టా పడేసరికి వాన ఊపందుకుంది. లోపలికి చెయ్యి పెట్టి చూసిన సుబ్బులు పొడి కాయ గుప్పెట్లో పట్టుకుని బయటికి తీసి, దాన్ని చూస్తూ ఉండిపోయింది. నిరుటి నుంచీ సుబ్బులు మొహంలో ఉన్న బిగువు అప్పుడు సడలింది.

పక్క కళ్ళం పెద్దాయన హారను వైర్లు పీకి మోత ఆపుతూ, "ఏదైనా టీచరమ్మ గారి హస్తవాసి అండీ. గీత గీశారంటే తిరుగులేదు" అన్నాడు.

అలాంటి పొగడ్తలకి టీచరు గారు మామూలుగా తలాడించి ఊరుకునేవారు. నేనూ ఎటో చూస్తున్నాను. ఆవిడ వానలో కళ్ళం మధ్య నిలబడి, "గీత నాది కాదు. ఈ కొట్టు అమ్మాయిది" అన్నారు, తరగతికి వినపడేంత గట్టిగా. "మందులో పెట్టి ఊపింది మటుకు ఇది" అని కొంగు కిందనుంచి కుడిచెయ్యి తీసి పైకెత్తారు.

చెయ్యి గజగజ ఊగుతోంది, వేళ్ళ మీంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. పెద్దాయన పీకిన వైర్లు కింద పడేశాడు. కూలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరైనా అయ్యో అంటారేమో, అంటే ఈవిడ ఏమైపోతారో అని భయపడ్డాను.

సుబ్బులు పట్టాకి ఆ చివర మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు పెడుతోంది. తలెత్తి ఆ చెయ్యి చూసింది. "ఊగితే ఊగిందిలే టీచరు గారూ. ముందు ఆ కొన పట్టుకోండి, గాలికి లేస్తంది" అంది.

టీచరు గారు చెప్పులు వదిలి, బురదలో మోకాళ్ళు ఆనించి, పట్టా కొన పట్టుకున్నారు. కుడిచేత్తోనే పట్టుకున్నారు.